లియోనె కౌబాయ్ చిత్రాలు: ఏ డిస్కు కొనాలి, హాల్లో ఎలా చూడాలి

ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె కౌబాయ్ చిత్రాలను డిస్కులుగా కొనడం దండగ కాదు. పెట్టె మీద బొమ్మ చూసి కొంటే మాత్రం దండగే. ఒకే సినిమా పేరుతో 161 నిమిషాలదీ ఉంది, 179 నిమిషాలదీ ఉంది. ఆకాశం నీలంగా కనిపించేదీ ఉంది, పసుపునీళ్లు చల్లినట్టు కనిపించేదీ ఉంది. 1966లో జనం విన్న తుపాకీ మోతే ఉన్నదీ ఉంది, దశాబ్దాల తర్వాత స్టూడియోలో కొత్త మోత అతికించినదీ ఉంది. వీటిలో తప్పు ప్రింటు చేతికి వస్తే, 'ఈ సినిమాల గురించి ఇంత గొప్పగా ఎందుకు చెబుతారు?' అనిపించడం సహజం.

ఇక్కడ ముఖ్యంగా చూస్తున్నవి నాలుగు. 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964), 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965), 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966), 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968). మొదటి మూడూ అమెరికాలో ఒకే ఏడాది, 1967లో, వరసగా విడుదలయ్యాయి. చూసేది చెన్నైలో, మామూలు అపార్ట్‌మెంట్ హాల్లో, 55 అంగుళాల టీవీ మీద అనుకుని చెబుతున్నాం.

ముందు ఫిల్ము సంగతి చెప్పాలి, ఎందుకంటే టీవీలో ఏ మీట నొక్కాలన్నది కూడా దాని మీదే ఆధారపడి ఉంది. మొదటి చిత్రం సుమారు 2 లక్షల డాలర్లలో తయారైంది. అందులో హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్‌కి ముట్టింది 15 వేలు. అంత తక్కువ డబ్బులో వెడల్పు తెర సినిమా తీయడానికి ఇటలీ వాళ్లు పట్టుకున్న పద్ధతి టెక్నిస్కోప్. మామూలుగా 35 ఎంఎం ఫిల్ములో ఒక్కో ఫ్రేము, అంచున ఉండే నాలుగు రంధ్రాలంత ఎత్తు తీసుకుంటుంది. టెక్నిస్కోప్ కెమెరా రెండు రంధ్రాలతోనే సరిపెడుతుంది. వెయ్యి అడుగుల రోలు 11 నిమిషాలకు అయిపోవాల్సింది 22 నిమిషాలు వస్తుంది. ఫిల్ము ఖర్చు సగానికి సగం మిగులు.

ఆ ఆదాతో పాటు ఇంకో లాభం వచ్చింది. ఈ సినిమాల రూపమంతా అక్కడే పుట్టింది. అప్పట్లో వెడల్పు తెర కావాలంటే అనమార్ఫిక్ లెన్సు వాడేవారు. అది బొమ్మను పక్కల నుంచి నొక్కి ఫిల్ము మీద పెడుతుంది, థియేటర్లో మళ్లీ సాగదీస్తారు. ఆ లెన్సుతో మనిషి ముఖానికి మరీ దగ్గరికి వెళ్తే బుగ్గలు ఉబ్బినట్టు కనిపిస్తాయి, వెనకాల ఉన్నదంతా మసక అవుతుంది. టెక్నిస్కోప్ ఫ్రేము పుట్టుకతోనే వెడల్పుగా ఉంటుంది కాబట్టి మామూలు లెన్సు చాలు. కెమెరాను కళ్ల దాకా తీసుకెళ్లినా ముఖం వంకర పోదు. ముందు ఒక చెయ్యి, దూరంగా నడిచొచ్చే మనిషి, రెండూ స్పష్టంగా నిలుస్తాయి. తెర నిండా రెండు కళ్లు, ఆ వెంటనే దిగంతం దాకా ఎడారి. లియోనె ముద్ర అని మనం అనుకునే ఈ జంట షాట్లకు కారణం ఆ చవక కెమెరాయే.

దీనికి చెల్లించిన మూల్యం గ్రెయిన్, అంటే ఫిల్ము మీద కనిపించే సన్నని చుక్కలు. ఫిల్ము మీద సగం చోటే వాడుకుని తెర మీద అంతే పెద్దదిగా చూపిస్తే, రజను లాంటి ఆ చుక్కలు కూడా పెద్దవిగా కనిపిస్తాయి. అది ప్రింటు పాతబడ్డం వల్ల వచ్చిన లోపం కాదు, బొమ్మ అల్లుకున్న దారమే అది. గడ్డం వెంట్రుకలు, ఎండకు పగిలిన పెదాలు, చొక్కా కాలరు మీద దుమ్ము అన్నీ ఆ గ్రెయిన్‌లోనే ఉన్నాయి. దాన్ని తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. ఓటీటీలో ఇదే జరుగుతుంది. 4కె అని రాసి ఉన్నా ఇంటికి వచ్చేది సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్లు. క్షణక్షణం మారే గ్రెయిన్‌ని అంత సన్నని గొట్టంలోంచి పంపలేక సాఫ్ట్‌వేరు దాన్ని నున్నగా చేసేస్తుంది, లేదా ఆకాశంలో చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. మామూలు బ్లూరేలోనే బొమ్మకు 40 మెగాబిట్ల దాకా చోటు ఉంటుంది, 4కె డిస్కులో వంద దాటగలదు. వేరే ఏ సినిమాకైనా ఓటీటీతో సరిపెట్టుకోవచ్చేమో గానీ టెక్నిస్కోప్ సినిమాకు డిస్కు అవసరమే.

డిస్కు పెట్టిన తర్వాత టీవీలో చేయాల్సినవి ఇవీ. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి, లేకపోతే సినిమా మోడ్. ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్‌కి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఏ పేరుతో ఉన్నా పూర్తిగా ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే గుర్రాల పరుగు సీరియల్ వీడియోలా జారిపోతుంది. నాయిస్ రిడక్షన్ సున్నా. షార్ప్‌నెస్ సున్నాకో దాని దగ్గరికో తేవాలి. ఎక్కువైతే టోపీ అంచుల చుట్టూ తెల్ల గీత వస్తుంది, అదే గుర్తు. జూమ్ మోడ్ ముట్టుకోవద్దు. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. 2.35 నిష్పత్తి (వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు) బొమ్మ ఎత్తు 52 సెంటీమీటర్లే వస్తుంది, పైనా కిందా ఎనిమిదేసి సెంటీమీటర్ల నల్ల పట్టీ మిగులుతుంది. 'టీవీ నిండటం లేదు' అని జూమ్ చేస్తే రెండు చివర్లా నిలబడ్డ ఇద్దరు తుపాకీదారులూ బయటికి పోతారు, మధ్యలో ఖాళీ వీధి మిగులుతుంది.

మన హాళ్లలో సోఫా గోడకు ఆనించి ఉంటుంది, టీవీకి పది అడుగుల దూరం. ఆ బొమ్మకు అది చాలా దూరం. థియేటర్లో మధ్య వరసలో కూర్చున్న అనుభూతి కావాలంటే 55 అంగుళాలకు ఆరు, ఏడు అడుగుల్లో కూర్చోవాలి. సోఫాను జరపలేకపోతే రెండు ప్లాస్టిక్ కుర్చీలు ముందుకు వేసుకోండి. ఖర్చు లేని మార్పుల్లో దీనికి మించింది లేదు. ప్రొజెక్టర్ ఉన్నవాళ్లు 2.35 తెర వాడుతుంటే సబ్‌టైటిళ్లు ఎక్కడ పడతాయో ముందే చూసుకోవాలి. కొన్ని డిస్కుల్లో రెండో వరస నల్ల పట్టీలోకి దిగుతుంది, అలాంటి తెర మీద అది కనిపించదు.

ఇక శబ్దం. చాలామంది ఫిర్యాదు 'నోటికి మాట కలవడం లేదు' అని. ఆ ఫిర్యాదు నిజమే, దానికి మందు లేదు, అవసరమూ లేదు. ఇటలీలో ఆ రోజుల్లో సెట్ మీద మాట రికార్డు చేసేవారు కాదు. అమెరికన్ నటుడు ఇంగ్లీషులో, ఇటాలియన్ నటుడు ఇటాలియన్‌లో, స్పానిష్ వాడు స్పానిష్‌లో ఒకరికొకరు బదులు చెప్పుకుంటూ నటించేవారు. మాటలు, అడుగుల చప్పుడు, గుర్రపు డెక్కలు అన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లో చేర్చినవే. డబ్బింగ్ సినిమాల మధ్య పెరిగిన తెలుగువాళ్లకు ఇది పది నిమిషాల్లో అలవాటైపోతుంది. ప్రమాదం ఎక్కడంటే, పెదాలు చూసి టీవీలోనో సౌండ్‌బార్‌లోనో ఆడియో డిలే మార్చడం. అలా మారిస్తే అన్నీ తప్పుతాయి. శబ్దం సరిగ్గా ఉందో లేదో తుపాకీ మూతి దగ్గర మెరుపు చూసి, తలుపు దభాలున పడే చోటు చూసి తేల్చుకోవాలి. పెదాలు చూసి కాదు.

డిస్కులోని ఆడియో ట్రాకుల జాబితాలో 5.1 (చుట్టూ ఉన్న స్పీకర్లకు పంచే శబ్దం) పైన ఉంటుంది, మోనో (అంతా ఒకే ఛానెల్లో వచ్చే పాత శబ్దం) కింద ఉంటుంది. మోనో ఎంచుకోండి. ముఖ్యంగా 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'కి. దాని 5.1 ట్రాకులో తుపాకులకు, ఫిరంగులకు కొత్త శబ్దాలు వేశారు. పాత మోత పొట్టిగా, పదునుగా, గూబ మీద కొట్టినట్టు ఉంటుంది. కొత్తది బరువుగా, ఇప్పటి సినిమాల్లో మోతలాగే ఉంటుంది. పెట్టె వెనక మోనో అని రాసి లేని డిస్కును కొనకపోవడమే మేలు. సౌండ్‌బార్‌లో సరౌండ్ మోడ్ ఆపి మామూలు స్టీరియోలో పెట్టాలి, లేకపోతే మోనోను కూడా నాలుగు పక్కలకూ చిమ్ముతుంది. రాత్రి పక్కింటివాళ్ల కోసం నైట్ మోడ్ పెడితే నిశ్శబ్దానికీ మోతకీ తేడా చెరిగిపోతుంది. దానికంటే హెడ్‌ఫోన్లు నయం.

ఈ నిశ్శబ్దం మాట చెన్నైలో గట్టిగా చెప్పుకోవాలి. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' మొదట్లో ముగ్గురు మనుషులు రైలు కోసం ఎదురుచూస్తారు. పది నిమిషాలకు పైగా సాగే ఆ ఘట్టంలో సంగీతం లేదు, మాటలు దాదాపు లేవు. గాలిమర కీచుమంటుంది. ఒకడి ముఖం మీద ఈగ వాలుతుంది. ఇంకొకడి బోడిగుండు మీద నీటి చుక్క పడుతుంది, వాడు టోపీ పెట్టుకుంటే ఆ చుక్క టోపీ మీద పడే చప్పుడు మారుతుంది. మూడోవాడు వేళ్లు విరుచుకుంటాడు. ఆ చప్పుళ్లే అక్కడ సంగీతం. సీలింగ్ ఫ్యాను ఫుల్లులో తిరుగుతుంటే ఆ నీటి చుక్క వినపడదు, కిటికీ తెరిస్తే ఆటోల హారను. మే నెలలో ఫ్యాను కట్టమని చెప్పలేం కాబట్టి సినిమాకు అరగంట ముందే ఏసీ వేసి గది చల్లబరిచి, ఆ పది నిమిషాలూ బ్లోయర్‌ని తక్కువలో పెట్టుకోవచ్చు. వీలైతే డిసెంబరు, జనవరి రాత్రుల కోసం ఈ సినిమా దాచుకోండి.

డిసెంబరు అంటే చెన్నైలో కచేరీల కాలం కూడా. సభల్లో మోర్సింగ్ (నోటి దగ్గర పట్టుకుని మీటే చిన్న వాయిద్యం) విన్న చెవికి ఈ చిత్రాల సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనె సంగీతం ఇంకో తలుపు తెరుస్తుంది. 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' మొదటి పేర్ల వెనక ఈలకు తోడుగా టంగ్‌మని మోగేది మోర్సింగ్ జాతి వాయిద్యమే, సిసిలీలో దాన్ని వేరే పేరుతో పిలుస్తారు. మన దగ్గర అది మృదంగం పలుకులను అనుసరిస్తూ తని ఆవర్తనంలో (తాళవాద్యాలకు విడిగా ఇచ్చే భాగంలో) తన వంతు తీసుకుంటుంది. మోరికోనె దాన్ని లయ కోసం కాక బెదిరింపు కోసం వాడాడు. ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తాడు, ఆ మోగింపు ఆరిపోయే దాకా ఎవరో వస్తున్నారనే అనిపిస్తుంది. ఈల వేసింది అలెస్సాండ్రో అలెస్సాండ్రోని. మూడో చిత్రంలోనూ 1968 చిత్రంలోనూ మాటల్లేకుండా పాడే స్త్రీ గొంతు ఎడ్డా డెల్లోర్సోది.

మూడో చిత్రం ప్రధాన సంగీతంలో ప–స–ప–స–ప అని ఊగే చిన్న పలుకు ఒకటి ఉంది, నక్క ఊళ లాంటిది. ముగ్గురు ప్రధాన పాత్రలకూ అదే పలుకు, వాయిద్యం మాత్రం మారుతుంది. ఒకరికి వేణువు, ఒకరికి 'ఒకరినా' అనే మట్టితో చేసిన ఊదే వాయిద్యం, ఒకరికి మనిషి గొంతు. రెండోసారి చూసేటప్పుడు దీన్ని గమనించండి. పాత్ర తెర మీదకు రాకముందే ఎవరు రాబోతున్నారో చెవికి తెలిసిపోతుంది. మన వ్యాపార సినిమాల్లో హీరో అడుగు పెట్టకముందే బీజీఎం మొదలయ్యే ఎలివేషన్ పద్ధతికి ఇంతకంటే శుద్ధమైన నమూనా దొరకదు. తేడా ఒక్కటే, ఇక్కడ ఎలివేషన్ దుర్మార్గుడికి కూడా అంతే శ్రద్ధగా దక్కుతుంది.

పాత డీవీడీలు కొనేవాళ్లకు ఈ సంగీతం దగ్గరే ఒక చిక్కు ఉంది. పాల్ అనే ఐరోపా టీవీ పద్ధతిలో వచ్చిన డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25గా పరిగెత్తిస్తారు. 161 నిమిషాల సినిమా 155 నిమిషాలకే అయిపోతుంది. అందులో సీన్లు తీసేయలేదు, వేగం పెంచారంతే. శ్రుతిని విడిగా సరిచేయకపోతే అది కూడా పైకి జరుగుతుంది, హార్మోనియం మీద ఒక మెట్టులో దాదాపు మూడింట రెండొంతులు. ఈల కాస్త కీచుగా వినిపిస్తే కారణం అదే. బ్లూరేలో ఈ బాధ లేదు.

నిడివి విషయంలో అసలు తికమక మూడో చిత్రానిదే. అంతర్జాతీయంగా ఆడింది 161 నిమిషాల ప్రింటు. 2003లో, ఇటలీలో ఆడిన సీన్లు తిరిగి చేర్చి 179 నిమిషాల ప్రింటు తయారు చేశారు. చేర్చిన సీన్లకు ఇంగ్లీషు మాటలు ఎప్పుడూ రికార్డు చేయలేదు కాబట్టి, క్లింట్ ఈస్ట్‌వుడ్, ఎలై వాలక్ ఆ వయసులో వచ్చి మళ్లీ డబ్బింగ్ చెప్పారు. ఈస్ట్‌వుడ్‌కి అప్పటికి డెబ్బై దాటాయి, వాలక్‌కి ఎనభై దాటాయి. మూడో ముఖ్య నటుడు లీ వాన్ క్లీఫ్ 1989లోనే చనిపోయాడు, ఆయన గొంతు వేరేవాళ్లది. కుర్రవాడి ముఖంలోంచి ముసలి గొంతు రావడం మొదటిసారి చూసేవాళ్లను బాగా ఇబ్బంది పెడుతుంది. అందుకే మొదట 161 నిమిషాలదే చూడాలి. పొడవు పెరిగితే విలువ పెరిగిందనుకునే వాళ్లకు అమ్మేటప్పుడు పెద్ద అక్షరాల్లో 'ఎక్స్‌టెండెడ్' అని రాస్తారు, దానికి లొంగకండి. రెండూ ఉన్న డిస్కు దొరికితే మరీ మంచిది.

రంగుకు ఒక పరీక్ష ఉంది. 2014లో ఇటలీలోని బొలోన్యాలో ఈ చిత్రాన్ని 4కెలో పునరుద్ధరించారు. స్పష్టత బాగా పెరిగింది గానీ, మొత్తం మీద పసుపు పులుముకుంది. తర్వాత వచ్చిన కొన్ని డిస్కుల్లో రంగును మళ్లీ దిద్దారు. మీ చేతిలో ఉన్నది ఏదో తెలియాలంటే, ఎదురుగా వచ్చే సైనికుల్ని చూసి టూకో (వాలక్ పాత్ర) కేకలు వేసే సీనుకు వెళ్లండి. వాళ్ల కోట్లు బూడిద రంగులో ఉన్నాయి కాబట్టి అమెరికా అంతర్యుద్ధంలోని దక్షిణాది సైన్యం అనుకుంటాడు. అధికారి చేత్తో దులుపుకోగానే దుమ్ము రాలి కింద ఉత్తరాది నీలం బయటపడుతుంది. ఆ సీను బలమంతా బూడిద నుంచి నీలానికి మారడంలో ఉంది. మంచి ప్రింటులో ఆ నీలం కళ్లకు తగులుతుంది. పసుపు ప్రింటులో అది ఆకుపచ్చ కలిసిన ఏదో రంగు, దెబ్బ తగలదు. టీవీలో కలర్ టెంపరేచర్‌ని ఒక మెట్టు చల్లదనం వైపు జరిపితే కొంత నయమవుతుంది గానీ పూర్తిగా కుదరదు, తెల్ల చొక్కాలు నీలి మందు ఎక్కువైనట్టు అవుతాయి.

అదే చిత్రంలో శ్మశానం ఘట్టం గురించి చెప్పకుండా ముందుకు పోలేం. స్పెయిన్‌లో బుర్గోస్ ప్రాంతంలో, స్పెయిన్ సైనికుల సాయంతో సుమారు 5 వేల సమాధులు వేసి ఆ మైదానం తయారు చేశారు. మధ్యలో గుండ్రటి రాతి అరుగు. ముగ్గురూ నిలబడతారు, ఎవరు ఎవర్ని ముందు కాలుస్తారో తెలియదు. ఏమీ జరగకుండా అన్ని నిమిషాలు ఎలా కూర్చోబెట్టాడో షాట్లు లెక్కపెడితే తెలుస్తుంది. మొదట చాలా దూరం నుంచి, తీరిగ్గా. తర్వాత నడుము దాకా. తర్వాత తుపాకీ ఒరల మీద చేతులు, ఆ తర్వాత ముఖాలు, చివరికి కళ్లు మాత్రమే. ఒక్కో మెట్టు దగ్గరవుతున్నకొద్దీ షాటు నిడివి తగ్గుతుంది, చివర్లో సెకను కూడా ఉండదు. సంగీతం దీనికి వ్యతిరేకంగా పైకి పైకి ఎక్కుతుంది. కచేరీలో పల్లవి నుంచి చరణానికి, చరణం నుంచి స్వరాలకి వెళ్తూ కాలం కుదించుకుపోయినట్టే. తుపాకీ పేలేది ఒక్క క్షణం. ఫోన్ తెర మీద ఇది పని చేయకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. దూరపు షాటులో మనుషులు చీమల్లా కనిపించాలి, కళ్లు మన కళ్లకంటే పెద్దవిగా కనిపించాలి. ఫోన్‌లో రెండూ ఒకే పరిమాణంలోకి వచ్చేస్తాయి. ఆ శ్మశానాన్ని ఆ తర్వాత మట్టి, గడ్డి కప్పేశాయి. 2015 నుంచి అభిమానులే పలుగులూ పారలూ పట్టుకుని తవ్వి బయటికి తీశారు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. బ్లూరేకు ప్రాంతాల తాళం ఉంటుంది. మన దేశం సి, అమెరికా ఎ, బ్రిటన్ బి. ఇక్కడ కొన్న ప్లేయరులో అమెరికా బ్లూరే ఆడకపోవచ్చు. 4కె డిస్కుకు ఆ తాళం లేదు, ఎక్కడిదైనా ఆడుతుంది. అయితే 4కె పెట్టెలో అదనంగా వచ్చే మామూలు బ్లూరేకు తాళం ఉండొచ్చు, తెర వెనక విశేషాలు ఎక్కువగా ఆ డిస్కులోనే పెడతారు. విడిగా ప్లేయరు దొరక్కపోతే డిస్కు డ్రైవు ఉన్న ప్లేస్టేషన్ 5 గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ 4కె డిస్కులు ఆడిస్తాయి. వాటిలో డిస్కు మీది డాల్బీ విజన్ (వెలుగునూ నీడనూ సీనును బట్టి చూపించే పద్ధతి) రాదు, మామూలు హెచ్‌డీఆర్ 10గా వస్తుంది, ఈ సినిమాలకు అది పెద్ద లోటు కాదు. హెచ్‌డీఎంఐ కేబులు రిచీ స్ట్రీట్‌లో తీసుకుంటే ప్రీమియం హై స్పీడ్ ముద్ర, స్కాన్ చేసే లేబులు ఉన్నదే అడగండి. రెండు మీటర్లు దాటకపోతే మంచిది. నాసిరకం కేబులుతో తెర క్షణం పాటు నల్లబడి మళ్లీ వస్తుంటుంది, జనం డిస్కును తిట్టుకుంటారు. విదేశాల నుంచి తెప్పిస్తే డిస్కు ధర ఒక్కటే చూడకుండా కొరియరు, కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి. నాలుగూ ఒకే పార్సిల్‌లో తెప్పిస్తే కొరియరు ఖర్చు తగ్గుతుంది.

'50 కౌబాయ్ సినిమాలు ఒకే పెట్టెలో' అని వచ్చే చవక సెట్ల జోలికి పోవద్దు. 1960ల్లో, 70ల్లో ఇటలీలో ఈ తరహా సినిమాలు వందల కొద్దీ వచ్చాయి. ఆ పెట్టెల్లో పెట్టేది ఎక్కువగా అరిగిపోయిన ప్రింట్ల నుంచి, పాత చదరపు టీవీ కోసం పక్కలు కోసేసినవి. మొదటి పేర్లు పడేటప్పుడే తెలిసిపోతుంది, పేర్లలో మొదటి అక్షరం, చివరి అక్షరం తెర బయట ఉంటాయి.

మన ఊరి ఉప్పుగాలికి డిస్కు కంటే ముందు పాడయ్యేది అట్టపెట్టె. బూజు పట్టి, ఉబ్బుతుంది. బాల్కనీ గోడకు ఆనుకున్న అలమరాలో పెట్టకండి. నిలువుగా నిలబెట్టి, పక్కన రెండు సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలం తర్వాత మార్చండి. డిస్కు తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. కరెంటు పోతే చాలా 4కె డిస్కులు ఆగిన చోటు గుర్తుపెట్టుకోవు, మళ్లీ మొదటి లోగోల నుంచే. టీవీకీ ప్లేయరుకీ చిన్న యూపీఎస్ ఉంటే జనరేటరు అందుకునేదాకా నెట్టుకొస్తుంది.

వరస విషయంలో మా సలహా వేరు. కథ ఒకదాని నుంచి ఇంకోదానికి కొనసాగదు కాబట్టి విడుదల క్రమం తప్పనిసరి కాదు. నిజానికి మూడో చిత్రం అమెరికా అంతర్యుద్ధ కాలంలో జరుగుతుంది, కాలం ప్రకారం అదే ముందు. హీరోకి ఆ ప్రసిద్ధమైన పోంచో (భుజాల మీంచి వేసుకునే దుప్పటి లాంటి వస్త్రం) దొరికేది కూడా దాని చివర్లోనే. కొత్తవాళ్లు రెండో చిత్రంతో, 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'తో మొదలుపెట్టాలి. 132 నిమిషాలే, కథ సూటిగా ఉంటుంది, జేబు గడియారం పాట ఉంది. గడియారం మూత తీస్తే చిన్న గంటల పాట మొదలవుతుంది, అది ఆగగానే కాల్చాలి. పాత్రలు వినే ఆ పాటలోకి మెల్లగా వాద్యబృందం కలుస్తుంది, ఏది గడియారంలోంచి వస్తోందో, ఏది సంగీత దర్శకుడిదో విడదీయలేం. తర్వాత మూడోది, ఆ తర్వాత 1968 చిత్రం. మొదటి చిత్రాన్ని చివర చూడొచ్చు. జపాన్ దర్శకుడు అకిర కురొసావా 'యొజింబొ' కథను అనుమతి లేకుండా తీసుకున్నారని దాని మీద కేసు పడి, వసూళ్లలో వాటా ఇచ్చి రాజీ పడాల్సి వచ్చింది. దానిలో బలం కంటే మొదలుపెట్టిన తెగువ ఎక్కువ.

లియోనె దగ్గరే ఆగకండి. సెర్జియో కోర్బుచ్చి తీసిన 'జాంగో' (1966)లో ఎడారి లేదు, బురద ఉంది. హీరో శవపేటికను తాడు కట్టి లాక్కుంటూ వస్తాడు. దీనికి ఇటాలియన్ ట్రాకు పెట్టి సబ్‌టైటిళ్లతో చూడాలి. లియోనె సినిమాలకు మాత్రం ఇంగ్లీషే, అందులో అమెరికన్ ముఖ్య నటులు సొంత గొంతులతో ఉన్నారు. కోర్బుచ్చిదే 'ది గ్రేట్ సైలెన్స్' (1968) మంచులో జరుగుతుంది, హీరో మూగవాడు. ముగింపు ఎవరినీ అడగకుండా చూడండి.

లోపాలు కూడా చెప్పాలి. మొదటి మూడింటిలో స్త్రీ పాత్రలకు చేసేదేమీ లేదు, 1968 చిత్రంలో క్లాడియా కార్డినాలె పాత్ర ఒక్కటే కథను మోస్తుంది. రెండో చిత్రం గతాన్ని చూపే సీన్లలో అత్యాచారం ఉంది, మూడోదానిలో ఖైదీని కొట్టే సీను దీర్ఘంగా ఉంటుంది. పిల్లలతో కలిసి చూసేవి కావు. నెమ్మది అనేది కూడా కొందరికి లోపమే. మొదటి ఇరవై నిమిషాలు ఫోన్ పక్కన పెట్టలేని రోజున వీటిని మొదలుపెట్టవద్దు.

ఇవన్నీ చూశాక మన 'మోసగాళ్లకు మోసగాడు' (1971) మళ్లీ చూడండి. తెలుగు సినిమా ఇంకా మద్రాసులోనే ఉన్న రోజుల్లో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో, రాజస్థాన్ ఎడారిలో కృష్ణతో తీసిన కౌబాయ్ చిత్రం. 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజున, 4కెలో మళ్లీ విడుదలైంది. ఈస్ట్‌వుడ్ పుట్టినరోజు కూడా మే 31నే. లియోనె చిత్రాలు ముందు చూసి ఉంటే దీనిలో రెండు సంగతులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నిధి వేట, టోపీలు, గుర్రాలు అక్కడి నుంచి వచ్చాయి. ఆ నిశ్శబ్దం మాత్రం రాలేదు. మన వాళ్లు ఆ చోటును పాటలతో, మాటలతో నింపారు. ఎడారిలో గుర్రాలు దూరం నుంచి దౌడు తీసే షాట్లలో వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా పనితనం తెలుస్తుంది, వాటిని కూడా ముందుకు జరిపిన కుర్చీలోంచే చూడండి.